రాజు ముందు వీధి ఆట: ‘ది కింగ్ అండ్ ది క్లౌన్’లో మరిచిపోలేని సన్నివేశాలు

ఊరి బయట గడ్డిలో ఇద్దరు ఆటగాళ్ళు. చేతిలో చిల్లిగవ్వ లేదు, వెనక తరుముకొచ్చే భయం ఉంది. అయినా వాళ్ళలో ఒకడు ఉన్నట్టుండి కర్రతో నేల తడుముతూ గుడ్డివాడిలా నడవడం మొదలుపెడతాడు. రెండోవాడికి వేరే చెప్పక్కర్లేదు, వెంటనే తనూ అందుకుంటాడు. నువ్వు అక్కడున్నావా, నేను ఇక్కడున్నాను అంటూ ఒకరినొకరు వెతుక్కుంటారు, దాటిపోతారు, మళ్ళీ వెనక్కొస్తారు, చివరికి దొరికి కావలించుకుంటారు. చుట్టూ చూసేవాళ్ళు లేరు, చప్పట్లు లేవు, డబ్బులు రాలవు. వాళ్ళిద్దరూ వాళ్ళ కోసమే ఆడుకున్న ఆట అదొక్కటే. సినిమా మొత్తం తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది.

2005 డిసెంబర్ చివర్లో దక్షిణ కొరియాలో విడుదలైన ఈ సినిమాకి అక్కడి పేరు ‘వాంగ్ ఉయ్ నమ్జా’. అంటే రాజుగారి మనిషి అని అర్థం. బయటి ప్రపంచానికి ‘ది కింగ్ అండ్ ది క్లౌన్’గా తెలుసు. దర్శకుడు లీ జూన్-ఇక్. తాడు మీద నడిచే జాంగ్‌సెంగ్‌గా కామ్ వూ-సంగ్, ఆడవేషాలు వేసే గోంగ్‌గిల్‌గా లీ జూన్-గి, యోన్సాన్ రాజుగా జంగ్ జిన్-యంగ్ నటించారు. చారిత్రక చిత్రాలకు మామూలుగా అయ్యే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువలో తీశారు. అయినా కోటీ ఇరవై లక్షలకు పైగా టికెట్లు తెగాయి. అప్పటి ఆ దేశ జనాభా దాదాపు ఐదు కోట్లు. మరుసటి ఏడాది ‘ది హోస్ట్’ వచ్చి దాటేదాకా కొరియాలో అన్నిటికంటే ఎక్కువమంది చూసిన సినిమా ఇదే.

అభిమానులు ఇష్టపడే సన్నివేశాలను గుర్తుచేసుకుంటే ఒక విషయం కనిపిస్తుంది. దాదాపు అన్నీ ఎవరో ఒకరు ఆడుతుండగా ఇంకొకరు చూసే సన్నివేశాలే. మరి ఒక్కొక్కటీ అంత గట్టిగా ఎందుకు తగులుతుంది? దానికి జవాబు కొరియా వీధి ఆట పద్ధతిలో ఉంది. అక్కడ ఆట జరిగే ఖాళీ స్థలాన్ని ‘మదాంగ్’ అంటారు. వాకిలి అనుకోవచ్చు. తెర ఉండదు, ఎత్తు వేదిక ఉండదు. జనం చుట్టూ కూర్చుంటారు, మధ్యలో మాట విసురుతారు, ఆటగాడు ఆ మాటనూ ఆటలో కలిపేసుకుంటాడు. ఎవరికైనా హుషారొస్తే లేచి తనూ చిందేయొచ్చు. మన వీధి భాగవతాలు చూసిన పెద్దవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. చూసేవాడు ఆటలోకి రావచ్చన్నది వీధిలో అందమైన నియమం. ఆ నియమాన్ని అలాగే తీసుకెళ్ళి రాజభవనంలో పెడితే ఏమవుతుంది? అక్కడ చూసేవాడు రాజు. అతనూ ఆటలోకి వస్తాడు. కాకపోతే కత్తితో వస్తాడు.

సినిమా మొదలయ్యేది ఒక దొరగారి వాకిట్లో. పైన తాడు మీద జాంగ్‌సెంగ్, కింద ఆడవేషంలో గోంగ్‌గిల్. ఇద్దరి మధ్య సరసం, బూతు, నవ్వులు. కొరియా తాడాటను కేవలం తాడు మీద నడకగా చూస్తే సగమే చూసినట్టు. తాడు మీది మనిషి నడుస్తూ, ఎగురుతూ, కూలబడుతూ మాట్లాడుతూనే ఉంటాడు, కింద ఒక విదూషకుడు అతనికి మాటకు మాట అందిస్తుంటాడు. నడక ఎంత ముఖ్యమో మాటలూ అంతే. ‘జుల్తాగి’ అనే ఈ విద్యకు 2011లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చోటు దక్కింది. ఊరూరా తిరిగే ‘నమ్సదాంగ్’ బృందాల ఆటలు అంతకు ముందే, 2009లో, ఆ జాబితాలోకి వెళ్ళాయి. డప్పులు, పళ్ళాలు తిప్పడం, పిల్లిమొగ్గలు, తాడాట, ముసుగు నాటకం, బొమ్మలాట అని ఆ బృందాలకు ఆరు విద్యలు. వాళ్ళు తాడాటను ‘ఒరూం’ అంటారు. ఆ మాటకు మంచుగడ్డ అనే అర్థం కూడా ఉంది. పలచటి మంచు మీద అడుగేసినట్టు నడవాలన్న భావం దాని వెనక ఉందంటారు. నిజానికి ఆ బృందాలు ఆ పేరుతో బాగా కనిపించేది అప్పటి కొరియా రాజ్యమైన జోసియోన్ చివరి దశలో, ఈ కథ జరిగేది అంతకు చాలా ముందు. సినిమా ఆ స్వేచ్ఛ తీసుకుంది. తీసుకున్నందుకు ఫలితం కూడా రాబట్టింది.

ఆ వాకిట్లోనే అసలు బేరం బయటపడుతుంది. ఆట అయ్యాక దొర కన్ను గోంగ్‌గిల్ మీద పడుతుంది. బృందం పెద్ద ఆ రాత్రికి అతన్ని పంపడానికి సిద్ధపడతాడు. అందరికీ అన్నం దొరికే దారి అదే కాబట్టి మిగతావాళ్ళు తలలు దించుకుంటారు. జాంగ్‌సెంగ్ ఒక్కడే అడ్డం పడతాడు. గొడవలో జాంగ్‌సెంగ్‌ను కాపాడబోయి గోంగ్‌గిల్ చేతిలో బృందం పెద్ద చనిపోతాడు. ఇద్దరూ పారిపోతారు. ‘గ్వాంగ్డే’ అని పిలిచే ఈ ఆటగాళ్ళు ఆనాటి సమాజంలో అట్టడుగు మనుషులు. వాళ్ళ విద్యకు ఇచ్చే చప్పట్లకు, వాళ్ళ ఒంటి మీద చేసే అధికారానికి మధ్య ఎంత తక్కువ దూరం ఉందో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. తర్వాత రాజభవనంలో జరిగేది ఇదే కథ, పెద్ద వాకిట్లో.

రాజధాని హన్యాంగ్ చేరాక వాళ్ళకు యుక్‌గాప్, అతని ఇద్దరు తోడు ఆటగాళ్ళు దొరుకుతారు. ఐదుగురూ కలిసి రాజునీ, అతని ప్రియురాలు నోక్సునీ వెక్కిరిస్తూ నాటకం కడతారు. జనం విరగబడి నవ్వుతారు. బానిసగా పుట్టి, పాటతో ఆటతో పైకొచ్చి, రాజు మనసు గెలుచుకున్న నోక్సు చరిత్రలో నిజంగా ఉన్న మనిషే. ఆమె మీద వీధిలో జోకులు పేలకుండా ఎలా ఉంటాయి? కానీ ఆ జనంలో అంతఃపురపు నపుంసక అధికారి ఛోసన్ కూడా ఉంటాడు. ఆటగాళ్ళను పట్టుకుపోతారు. దెబ్బలు తింటూనే జాంగ్‌సెంగ్ ఒక పందెం వేస్తాడు: రాజుగారే ఇది చూసి నవ్వితే అవమానం ఎలా అవుతుంది? నవ్వకపోతే మా తలలు తీయండి.

ఆ తర్వాతి సన్నివేశం ఈ సినిమాలోకెల్లా గొప్ప టెన్షన్ ఉన్న సన్నివేశం. కత్తులు లేవు, గుర్రాలు లేవు. ఐదుగురు మనుషులు ఒక మనిషిని నవ్వించాలి, అంతే. వీధిలో పేలిన జోకులన్నీ ఇక్కడ నేల మీద పడిపోతుంటాయి. భయంతో ఒకడికి గొంతు రాదు, ఇంకొకడికి కాళ్ళు ఆడవు. జాంగ్‌సెంగ్ ఎంత లాగినా ఆట లేవదు. రాజు ముఖంలో కదలిక లేదు. కెమెరా ఆటగాళ్ళ కంటే రాజు ముఖాన్నే ఎక్కువగా గమనిస్తుంది. మనమూ ఆట మానేసి అతన్నే చూస్తుంటాం. ఇక అయిపోయిందనుకున్నప్పుడు, అప్పటిదాకా మెతకగా కనిపించిన గోంగ్‌గిల్ అప్పటికప్పుడు ఒక పచ్చి బూతు జోకు కల్పిస్తాడు. పై నోరా, కింది నోరా అన్నది ఆ జోకు. ఒక్క క్షణం నిశ్శబ్దం. రాజు పగలబడి నవ్వుతాడు.

ఆ నవ్వు విని ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు. రెండోసారి చూసేటప్పుడు మాత్రం అదే నవ్వు వినగానే ఒళ్ళు జలదరిస్తుంది. రాజు ఆటలోకి అడుగుపెట్టింది ఆ క్షణంలోనే. అతనికి ఈ మనుషులు కావాలనిపించిందీ అప్పుడే. వాళ్ళకు రాజభవనంలోనే బస ఏర్పాటవుతుంది. వాళ్ళు ఉంటామని అడగలేదు, వెళ్తామని చెప్పే వీలూ వాళ్ళకు లేదు.

ఇక్కడ చరిత్ర వైపు కొంచెం తొంగి చూడాలి. యోన్సాన్ 1494 నుంచి 1506 వరకు పాలించిన నిజమైన రాజు. జోసియోన్ రాజుల్లో అతనికున్నంత చెడ్డపేరు ఇంకెవరికీ లేదు. గోంగ్‌గిల్ అనే ఆటగాడి ప్రస్తావన కూడా ఆ పాలన దినచర్య గ్రంథంలో ఉంది, కొద్ది వాక్యాల్లోనే. అతను రాజు ఎదుట ముసలి పండితుడి వేషం కట్టాడు. రాజు రాజులా లేకపోతే, మంత్రి మంత్రిలా లేకపోతే, తండ్రి తండ్రిలా, కొడుకు కొడుకులా లేకపోతే ధాన్యం ఎంతున్నా నేను తినగలనా అనే కన్ఫ్యూషియస్ సంప్రదాయపు మాటను ఆటలో పలికాడు. రాజుకు కోపమొచ్చింది. కొట్టించి దూరప్రాంతానికి తరిమేశాడు. చరిత్రలో దొరికే గోంగ్‌గిల్ అంతే. అందగాడనీ, రాజు ప్రేమించాడనీ అక్కడ లేదు. ఉన్నదల్లా ఒక ఆటగాడు వేషం చాటు నుంచి రాజుకు నిజం చెప్పాడన్న సంగతి, దానికి పడిన శిక్ష. ఆ నాలుగు వాక్యాల నుంచి కిమ్ తే-వూంగ్ 2000లో ‘యి’ అనే నాటకం రాశాడు. ఆ నాటకమే ఈ సినిమాకి ఆధారం. నాటకంలో గోంగ్‌గిల్ కేంద్రమైతే, సినిమా బరువును జాంగ్‌సెంగ్ భుజాల మీదికి మార్చింది. ఈ మార్పు వల్లే సినిమాకి తాడు దొరికింది, ఆ చివరి సన్నివేశం దొరికింది.

భవనంలో మొదటి పెద్ద నాటకం లంచగొండి మంత్రుల మీద. వెనక నుంచి ఆడించేది ఛోసన్. రాజుకు నేరుగా చెప్పలేని మాటను ఆటగాళ్ళ నోట చెప్పించాలన్నది అతని ఆశ. నాటకం సాగుతుంటుంది, రాజు నవ్వుతుంటాడు. నవ్వుతూనే ఒక్కసారి చుట్టూ చూస్తాడు. మంత్రులెవరూ నవ్వడం లేదు. ఎందుకు నవ్వడం లేదని అడుగుతాడు. ఆ ప్రశ్నకు సరైన జవాబు లేదు. నవ్వితే ఒప్పుకున్నట్టు, నవ్వకపోతే దాచినట్టు. అక్కడికక్కడే ఒకరి పదవి ఊడుతుంది.

సరిగ్గా అదే శతాబ్దపు మొదటి సంవత్సరాల్లో విజయనగరంలోనూ ఇలాంటిదే జరిగినట్టు మాచుపల్లి కైఫియత్తు, అంటే ఆ ఊరి పాత చరిత్ర, చెబుతుంది. కూచిపూడి భాగవతులు సిద్ధవటం సీమ మీదుగా వెళ్తూ, సమ్మెట గురవరాజు డబ్బు కోసం ఆడవాళ్ళను హింసించడం కళ్ళారా చూశారు. విజయనగరం చేరి వీరనరసింహరాయల ఎదుట ప్రదర్శన ఇచ్చి, అందులో గురవరాజు వేషం కట్టి ఆ హింసనే ఆడి చూపించారు. రాయలకు సంగతి అర్థమైంది. సైన్యాన్ని పంపి గురవరాజును పట్టించి చంపించాడు. మన దగ్గర దీన్ని కళ సాధించిన న్యాయంగా చెప్పుకుంటాం, గర్వపడతాం. గర్వపడాల్సిందే. ఆ కథ రాజు న్యాయం చేయడంతో ముగుస్తుంది. యోన్సాన్ సినిమా అక్కడితో ఆగకుండా మర్నాడు ఏమవుతుందో చూపిస్తుంది. నాటకం చూసి ఒకసారి శిక్ష వేసిన రాజుకు ఆ రుచి తెలిసింది. ఇప్పుడతనికి ఇంకో నాటకం కావాలి.

ఆ రెండో నాటకానికి ముందు ఒక చిన్న, మెత్తని సన్నివేశం వస్తుంది. రాజు గోంగ్‌గిల్‌ను రాత్రి తన గదికి పిలిపిస్తాడు. మొదటి సన్నివేశంలోని దొర గుర్తొచ్చి ప్రేక్షకుడి గుండె బిగుసుకుంటుంది. అక్కడ జరిగేది వేరు. గోంగ్‌గిల్ వేళ్ళకు బొమ్మలు తొడిగి ఆడిస్తాడు. ఇంత పెద్ద రాజు పసివాడిలా చూస్తుంటాడు. రాజు కన్నీళ్ళను గోంగ్‌గిల్ తన చేత్తో తుడుస్తాడు. జంగ్ జిన్-యంగ్ నటనకు అసలు పరీక్ష ఇక్కడే. అంతకు ముందు అరిచిన మనిషి, తర్వాత చంపబోయే మనిషి, ఈ గదిలో మాత్రం అమ్మ కోసం ఏడ్చే కొడుకు. అతని మీద జాలి కలుగుతుంది. తర్వాత జరిగే వాటికి ఈ జాలి అడ్డంగా నిలబడుతుంది, అతన్ని సులువుగా అసహ్యించుకోనివ్వదు. లీ జూన్-గి కూడా ఈ సన్నివేశంలో చాలా తక్కువ చేస్తాడు. చూపు, వేళ్ళు, అంతే. రాజు పట్ల గోంగ్‌గిల్‌కు ఉన్నది భయమా, జాలా, ఇంకేమైనానా అని సినిమా తేల్చి చెప్పదు. జాంగ్‌సెంగ్‌కూ గోంగ్‌గిల్‌కూ మధ్య ఉన్నదానికి కూడా పేరు పెట్టదు. నిద్రపోతున్నవాడికి దుప్పటి సర్దడం లాంటి పనులతోనే సరిపెడుతుంది. ఇలా పేరు పెట్టకపోవడం సినిమాకి మేలే చేసింది. అంతమంది అన్ని రకాలుగా ఈ ముగ్గురినీ తమవాళ్ళుగా చూడగలిగారు.

తర్వాత వచ్చేది విషం నాటకం. యోన్సాన్ తల్లి యూన్ రాణిని 1479లో పదవి నుంచి తొలగించారు, 1482లో విషం ఇచ్చి చంపించారు. కొడుకు అప్పటికి పసివాడు. 1504లో అతను దానికి పగ తీర్చుకోవడం, తండ్రి భార్యలైన ఇద్దరిని చంపడం, ఎంతోమంది అధికారులను శిక్షించడం చరిత్రలో ఉన్నవే. నాయనమ్మ ఇన్సు మహారాణి కూడా అదే ఏడాది చనిపోయింది. సినిమా ఆ రక్తపాతమంతటినీ ఒక్క నాటకంలోకి తెచ్చింది. చైనా తరహా రంగుల దుస్తుల్లో గోంగ్‌గిల్ రాణి వేషం కడతాడు. కుట్ర జరుగుతుంది, విషపు గిన్నె వస్తుంది, రాణి తాగుతుంది. చూస్తున్నవాళ్ళలో నాయనమ్మ ఉంది, ఆ ఇద్దరు రాణులూ ఉన్నారు. రాజు లేస్తాడు. వేషంలో ఉన్న గోంగ్‌గిల్ దగ్గరికి అమ్మను చూసినట్టే వెళ్తాడు. ఆ వెంటనే కత్తి దూస్తాడు.

మదాంగ్ నియమం తలకిందులయ్యేది ఇక్కడే. చూసేవాడు ఆటలోకి వచ్చాడు, ఆట నిజమైపోయింది. నాటకంలో చావు ఇంకా నేల మీద ఉండగానే దాని పక్కన నిజమైన శవాలు పడ్డాయి. రంగు ముఖంతో, రాణి దుస్తుల్లో అలాగే నిలబడిపోయిన ఆటగాళ్ళను కెమెరా చూపిస్తుంది. వాళ్ళ ముఖాలు చూస్తే తెలుస్తుంది, నాటకం ఎలా ముగించాలో ఇక వాళ్ళ చేతుల్లో లేదు. జాంగ్‌సెంగ్ వెళ్ళిపోదామంటాడు. గోంగ్‌గిల్ కదలడు. నిజంగా కదలలేకా, రాజు మీద జాలి వల్లా అని అడిగితే రెండూ అనే చెప్పాలి.

వేట సన్నివేశం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మంత్రులు ఆటగాళ్ళకు జంతువుల వేషాలు తొడిగి అడవిలో వదులుతారు. వినోదం అని పేరు, గోంగ్‌గిల్‌ను చంపడం ఉద్దేశం. బాణానికి యుక్‌గాప్ అడ్డం పడి చనిపోతాడు. యూ హే-జిన్ ఈ పాత్రలో అంతసేపు నవ్వించినందువల్లే ఆ చావు అంత బరువుగా అనిపిస్తుంది. ఆ తర్వాత కుట్రలు త్వరత్వరగా సాగుతాయి. గోంగ్‌గిల్‌కు రాజు పదవి ఇస్తాడు, నోక్సుకు అసూయ పుడుతుంది, గోంగ్‌గిల్ చేతిరాతతో రాజును తిట్టే కాగితాలు వెలుస్తాయి. 1504లో నిజంగానే కొరియా లిపిలో రాసిన అలాంటి కాగితాలు బయటపడ్డాయి. ఆ కోపంలో యోన్సాన్ ఆ లిపి వాడకాన్నే నిషేధించాడు. సినిమాలో ఆ నేరాన్ని జాంగ్‌సెంగ్ తన మీద వేసుకుంటాడు. గోంగ్‌గిల్ చేతిరాత అచ్చం అతని చేతిరాతలాగే ఉంటుంది, అతని దగ్గరే నేర్చుకున్నాడు కాబట్టి. కుట్రల మధ్య ఈ ఒక్క చిన్న వివరం చాలా విలువైనది. ఆ ఇద్దరి గతమంతా ఒక అక్షరం వంపులో చెప్పేశారు.

తప్పించుకుపొమ్మని ఛోసన్ తలుపు తెరిచి పెడతాడు. జాంగ్‌సెంగ్ బయటికి పోకుండా రాజభవనంలోనే తాడెక్కి, రాజును నోరారా వెక్కిరిస్తాడు. వీధిలో మొదలుపెట్టిన నాటకాన్ని ఈసారి ఎవరి అనుమతీ లేకుండా ఆడతాడు. రాజు బాణాలు వేస్తాడు. కింద పడ్డవాడి కళ్ళను కాల్చిన ఇనుముతో పొడిపిస్తారు. మొదట గడ్డిలో ఆడుకున్న గుడ్డివాళ్ళ ఆట అప్పుడు గుర్తొస్తుంది. ఈ సినిమా కథనంలో అన్నిటికంటే నిర్దయమైన మలుపు ఇది, అన్నిటికంటే కచ్చితమైనదీ ఇదే. ఇంకోవైపు గోంగ్‌గిల్ రాజు ఎదుట వేలి బొమ్మలు ఆడిస్తూ ఆడిస్తూ మణికట్టు కోసుకుంటాడు. ఎక్కడ ఓదార్పు మొదలైందో, సరిగ్గా అక్కడే, అవే బొమ్మలతో.

చివరి రోజు గుడ్డివాడైన జాంగ్‌సెంగ్‌ను రాజు తాడెక్కిస్తాడు. బయట తిరుగుబాటు బయల్దేరింది. లోపల ఛోసన్ అప్పటికే ఉరేసుకున్నాడు. జాంగ్‌సెంగ్ కాలితో తాడును వెతుక్కుంటూ ముందుకు నడుస్తాడు, నడుస్తూ తన కథ చెబుతాడు. తాడాటలో మాట సగం అని ముందే అనుకున్నాం. ఆ మాటకు జవాబు ఇచ్చే మనిషి కింద ఉండాలి. ఎన్నెన్ని చూపులకో గుడ్డివాడినయ్యానని అతను చెప్పుకుపోతాడు. ఒకడి మనసును ఎవడో ఎత్తుకుపోతుంటే చూడలేకపోయానన్న దగ్గరికి వచ్చేసరికి, అది ఎవరి గురించో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. గోంగ్‌గిల్ పరుగెత్తుకొచ్చి తాడు రెండో కొసకు ఎక్కుతాడు. మళ్ళీ పుడితే ఏమై పుడతావన్న ప్రశ్న వస్తుంది. దొరగానా, రాజుగానా? ఆటగాడిగానే అన్నది జవాబు.

రాజు మొదటిసారి ఇక్కడ ఆటలోకి రాలేకపోతాడు. తాడు మీద ఇద్దరికే చోటుంది. అతను, నోక్సు, కింద కూర్చుని చూడగలరంతే. వెనక తిరుగుబాటుదారులు తలుపులు బద్దలుకొట్టి లోపలికి వస్తున్నా ఆ ఇద్దరి చూపు తాడు మీదే ఉంటుంది. ఆ తిరుగుబాటు 1506 నాటిది. యోన్సాన్‌ను దించి గాంగ్వా దగ్గరి ఒక దీవికి పంపేశారు, దాదాపు రెండు నెలలకే అతను అక్కడే చనిపోయాడు. నోక్సును చంపేశారు. అవేవీ సినిమా చూపించదు. ఇద్దరు ఆటగాళ్ళూ తాడును తొక్కి ఒక్కసారిగా పైకి లేస్తారు. తెర మీది బొమ్మ అక్కడే గాలిలో ఆగిపోతుంది. వాళ్ళు కిందికి దిగడం మనకు కనపడదు.

ఆ తర్వాత, ఎక్కడో పచ్చటి దారి మీద ఆటగాళ్ళ గుంపు చిందులేస్తూ నడిచి వెళ్తుంటుంది. అందులో యుక్‌గాప్ ఉన్నాడు, నవ్వుతూ. జాంగ్‌సెంగ్ కళ్ళు బాగున్నాయి.